సౌర జ్వాలల్లో ఎలక్ట్రాన్లు సూర్యుడి వాతావరణాన్ని ఎలా వేడెక్కిస్తాయి? గోదావరి డెల్టా పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

సూర్యుడి మీద జ్వాల లేచినప్పుడు పైనుంచి కిందికి శక్తిని మోసే పనిలో పెద్ద వాటా వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లది. ఈ పేజీ ఆ ఎలక్ట్రాన్ల గురించే. కోనసీమ, కాకినాడ, భీమవరం, నరసాపురం వైపు ఫిజిక్స్ చదివే విద్యార్థులు, పాఠం చెప్పే మాస్టార్లు, టెలిస్కోపు కొనుక్కున్న ఔత్సాహికులు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఇక్కడి నుంచి ఏం చూడొచ్చో, ఏ డేటాతో ఏం లెక్కకట్టొచ్చో కూడా చెప్పాం.

కొలతల మాట ముందే చెప్పేస్తాం. కిలో ఎలక్ట్రాన్ వోల్టును కెఈవీ అని రాశాం. ఉష్ణోగ్రతలన్నీ కెల్విన్లలో, సాంద్రతలు ఘన సెంటీమీటరుకు ఎన్ని కణాలన్న లెక్కలో ఇచ్చాం.

సౌర జ్వాల అంటే నిజంగా మంటేనా అండీ?

కాదు. అక్కడ ఇంధనం ఆక్సిజన్‌తో కలిసి మండడం అనేదే లేదు. సూర్య మచ్చల గుంపు మీద మెలితిరిగిన అయస్కాంత క్షేత్రంలో రోజుల తరబడి పోగైన శక్తి కొన్ని నిమిషాల్లో బయటపడుతుంది. పెద్ద జ్వాలలో అది సుమారు 10²⁵ జౌళ్ళు. మొత్తం సూర్యుడు ఒక్క సెకనులో వెలువరించేది 3.8 × 10²⁶ జౌళ్ళు కాబట్టి, సూర్యుడి లెక్కలో ఇది సెకను ఉత్పత్తిలో దాదాపు నలభయ్యో వంతే. కానీ ఈ శక్తంతా చిన్న చోట, పలచటి పొరలో దిగుతుంది. అందుకే అంత తీవ్రత.

శక్తి విడుదలయ్యేది పైన అంటారు, వెలిగేది కింద అంటారు. రెంటికీ లంకె ఏమిటండీ?

కింద కాంతి ఆవరణం ఉంటుంది, దాని ఉష్ణోగ్రత 5,800 కెల్విన్లు. దాని మీద రెండు వేల కిలోమీటర్ల మందాన వర్ణావరణం, ఉష్ణోగ్రత సుమారు 10,000. ఆపైన చాలా పలచటి సంధి పొర దాటితే కరోనా, 10 నుంచి 20 లక్షల కెల్విన్లు. కరోనా వేడిదే గాని పదార్థం బహు తక్కువ. ఘన సెంటీమీటరుకు 10⁹ కణాలుంటే కాంతి ఆవరణంలో 10¹⁷ ఉంటాయి.

జ్వాల మొదలయ్యేది కరోనాలో. ఎదురెదురు దిశల్లో ఉన్న అయస్కాంత రేఖలు దగ్గరకొచ్చి, తెగి, కొత్తగా ముడిపడతాయి. దీన్నే అయస్కాంత పునస్సంధానం అంటారు. ఆ చోట శక్తి ఎలక్ట్రాన్లకు చేరుతుందనడానికి ప్రసిద్ధమైన సాక్ష్యం 1992 జనవరి 13 నాటి జ్వాల. జపాన్ ఉపగ్రహం యోకో ఆ రోజు అయస్కాంత వలయం (రెండు చివరలూ కింద పాతుకుని విల్లులా పైకి వంగిన అయస్కాంత రేఖల కట్ట) కొనకు పైన కఠిన, అంటే ఎక్కువ శక్తి గల, ఎక్స్ కిరణాల మూలాన్ని పట్టింది. శాస్త్రవేత్త మసుడా విశ్లేషించారు కాబట్టి దాన్ని మసుడా జ్వాల అంటారు.

అక్కడి నుంచి ఎలక్ట్రాన్లు వలయం రెండు కాళ్ళ వెంట కిందికి దిగుతాయి. 30 కెఈవీ ఎలక్ట్రాన్ వేగం సెకనుకు దాదాపు 98,000 కిలోమీటర్లు, కాంతి వేగంలో మూడో వంతు. వలయం సగం పొడవు 25,000 కిలోమీటర్లు అనుకుంటే పావు సెకనులో కిందికి చేరుతుంది. రెండు కాళ్ళూ దాదాపు ఒకేసారి వెలగడానికి కారణం ఇదే. పైనున్న వేడి మామూలు ప్రసరణతో దిగాలంటే ఇంత త్వరగా రాదు.

ఎలక్ట్రాన్లే ఎందుకు? ప్రోటాన్లు దిగవా?

దిగుతాయి. పెద్ద జ్వాలల్లో 2.223 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాల గీత కనిపిస్తుంది. వేగవంతమైన అయాన్లు కింద కేంద్రకాలను ఢీకొని న్యూట్రాన్లను విడిపిస్తే, ఆ న్యూట్రాన్లను హైడ్రోజన్ పట్టుకున్నప్పుడు పుట్టే గీత అది. కొన్ని పెద్ద జ్వాలల్లో అయాన్ల శక్తి ఎలక్ట్రాన్ల శక్తికి దీటుగా ఉండొచ్చు. కాకపోతే ఎలక్ట్రాన్ల జాడ చిన్న జ్వాలల్లో కూడా దొరుకుతుంది, అయాన్ల జాడ దొరకదు. అందుకే లెక్కలు ఎలక్ట్రాన్లతో మొదలవుతాయి.

అంత వేగంగా వచ్చేవి కరోనాలోనే ఎందుకు ఆగవు? వర్ణావరణంలోనే ఎందుకు ఆగుతాయి?

దీనికి జవాబు దూరంలో లేదు, దారిలో తగిలే పదార్థంలో ఉంది. ఒక చదరపు సెంటీమీటరు అడ్డుకోతలో, దారి పొడవునా ఎన్ని కణాలున్నాయన్నదే లెక్క. సాంద్రతను పొడవుతో గుణిస్తే ఆ సంఖ్య వస్తుంది. దాన్ని స్తంభ సాంద్రత అందాం.

ఎలక్ట్రాన్ మరో ఎలక్ట్రాన్ పక్కగా పోయినప్పుడల్లా కూలంబ్ వికర్షణ వల్ల కొంచెం శక్తి కోల్పోతుంది. వేగం పెరిగేకొద్దీ పక్కన గడిపే సమయం తగ్గి, ఆ నష్టం కూడా తగ్గుతుంది. అందుకే పూర్తిగా ఆగడానికి కావలసిన స్తంభ సాంద్రత శక్తి వర్గానికి అనులోమంగా ఉంటుంది. చేతి లెక్కకు ఈ సూత్రం చాలు: కెఈవీలలో ఉన్న శక్తిని వర్గం చేసి 2 × 10¹⁷తో గుణించండి. 20 కెఈవీకి 8 × 10¹⁹ వస్తుంది. 40 కెఈవీ అయితే నాలుగు రెట్లు, 3.2 × 10²⁰.

ఇప్పుడు కరోనా వైపు చూడండి. జ్వాల మొదట్లో సాంద్రత 10⁹, సగం వలయం పొడవు 2.5 × 10⁹ సెంటీమీటర్లు. గుణిస్తే 2.5 × 10¹⁸. దీన్ని దాటడానికి 3.5 కెఈవీ చాలు. కాబట్టి 20 కెఈవీ ఎలక్ట్రాన్‌కు కరోనా అడ్డే కాదు. వర్ణావరణంలో దిగాక సాంద్రత 10¹² దాటి పెరుగుతూ పోతుంది, కొన్ని వందల కిలోమీటర్లలోనే దాని బండి ఆగిపోతుంది.

ఈ లెక్కలో ఎక్కువ మంది మర్చిపోయే మలుపొకటి ఉంది. జ్వాల సాగుతున్నకొద్దీ కింది పదార్థం పైకి లేచి వలయాన్ని నింపుతుంది. సాంద్రత 10¹¹కి చేరితే అదే పొడవుకు స్తంభ సాంద్రత 2.5 × 10²⁰ అవుతుంది. అప్పుడు 35 కెఈవీ లోపు ఎలక్ట్రాన్లన్నీ వలయంలోనే ఆగిపోతాయి. వేడి పడే చోటు కిందినుంచి పైకి మారిపోతుంది. మొదటి నిమిషానికి కట్టిన లెక్కను ఐదో నిమిషానికి అలాగే వాడితే తప్పు జవాబు వస్తుంది.

వర్ణావరణంలో ఆగాక ఏం జరుగుతుంది? అంకెలతో చెప్పగలరా?

చెప్పొచ్చు. ఒక పెద్ద జ్వాలలో 20 కెఈవీకి మించిన ఎలక్ట్రాన్లు సెకనుకు 10³⁶ దిగుతున్నాయనుకోండి. శక్తి పెరిగేకొద్దీ వాటి సంఖ్య ఘాత నియమంతో తగ్గుతుంది, అంటే శక్తికి ఒక ఘాతం వేస్తే దానికి విలోమంగా. ఆ ఘాతమే ఘాతాంకం. ఘాతాంకం 5 అయితే సగటు శక్తి 26.7 కెఈవీ, మొత్తం సామర్థ్యం 4.3 × 10²¹ వాట్లు. ఇది దిగే పాదాల (వలయం కాళ్ళు కింది పొరను తాకే చోట్ల) వైశాల్యం 10¹⁸ చదరపు సెంటీమీటర్లు. భాగిస్తే చదరపు మీటరుకు 4.3 కోట్ల వాట్లు. సూర్యుడి ఉపరితలం మామూలుగా వెలువరించేది చదరపు మీటరుకు 6.3 కోట్ల వాట్లు. అంటే సూర్యుడి సొంత ప్రవాహంలో మూడింట రెండు వంతుల శక్తి, ఇంత పలచటి పొర మీద పైనుంచి పడుతోంది.

ఆ శక్తిని 8 × 10¹⁹ హైడ్రోజన్ పరమాణువులు పంచుకుంటాయి. ఒక్కోదానికి సెకనుకు సుమారు 340 ఎలక్ట్రాన్ వోల్టులు. హైడ్రోజన్‌ను అయనీకరించడానికి 13.6 చాలు. శక్తేదీ బయటికి పోకపోతే ఆ పొర 8 సెకన్లలో కోటి కెల్విన్లకు చేరుతుంది. నిజంలో కొంత కాంతిగా పోతుంది, కొంత వ్యాకోచానికి ఖర్చవుతుంది. అయినా నిమిషం తిరగకుండా వలయాలు ఒకటి నుంచి మూడు కోట్ల కెల్విన్లకు ఎలా చేరతాయో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

బాష్పీభవనం అంటారు కదా, సూర్యుడి మీద నీళ్ళెక్కడివి?

నీళ్ళతో పని లేదు. వేడెక్కిన వర్ణావరణ పదార్థం పైకి లేచి కరోనాను నింపడానికి పెట్టుకున్న పేరది. పొయ్యి సన్నగా ఉంటే ఎసరు మెల్లగా కాగుతుంది, మంట ఒక్కసారి పెంచితే మూతను తోసుకుని పొంగుతుంది. ఇక్కడా అంతే, ఒక హద్దు ఉంది.

వేడెక్కిన ప్లాస్మా (ఎలక్ట్రాన్లు, అయాన్లుగా విడిపోయిన వాయువు) కాంతి రూపంలో శక్తి పోగొట్టుకుంటుంది. ఈ చల్లబడే సామర్థ్యం లక్ష కెల్విన్ల దగ్గర గరిష్ఠంగా ఉండి, ఆపైన తగ్గుతుంది. వచ్చే శక్తి ఆ సామర్థ్యంలోపే ఉంటే పదార్థం సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో నెమ్మదిగా లేస్తుంది. హద్దు దాటిందంటే ఆపేవాడు లేడు. ఉష్ణోగ్రత ఒక్క దూకులో కోటికి పోతుంది, ఒత్తిడి పెరిగి పదార్థం సెకనుకు కొన్ని వందల కిలోమీటర్ల వేగంతో పైకి చిమ్ముతుంది. ఫిషర్, క్యాన్‌ఫీల్డ్, మెక్లైమాంట్ 1985లో కట్టిన లెక్కల్లో ఈ హద్దు సుమారు చదరపు మీటరుకు కోటి వాట్లు. పైన మనం తీసుకున్న జ్వాల దానికి నాలుగు రెట్లకు మించి ఉంది.

పైకి చిమ్మే పదార్థం కింది పొరను వెనక్కి నెడుతుంది. మన నుంచి దూరంగా పోయే పదార్థపు కాంతి ఎరుపు వైపు, మన వైపు వచ్చేది నీలం వైపు జరుగుతుంది. అందుకే హైడ్రోజన్ ఆల్ఫా గీత (హైడ్రోజన్ ఇచ్చే ఎర్ర కాంతి గీత) ఎరుపు వైపు జరుగుతుంది, కిందికి వేగం సెకనుకు 40 నుంచి 100 కిలోమీటర్లు. అదే సమయంలో 20 ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఇనుము అయాన్ గీత, 1354 ఆంగ్‌స్ట్రాముల (ఒక ఆంగ్‌స్ట్రాము నానోమీటరులో పదో వంతు) దగ్గర, నీలం వైపు జరుగుతుంది. 2013లో ఎగిరిన ఐరిస్ ఉపగ్రహం ఈ గీతను చాలా జ్వాలల్లో నమోదు చేసింది.

హీలియం గురించి ఒక మాట. వర్ణావరణం వేడెక్కేటప్పుడు హీలియంను అయనీకరించడానికీ శక్తి ఖర్చవుతుంది, దాన్ని వదిలేసిన నమూనాలు ఉష్ణోగ్రతను తప్పుగా చూపిస్తాయి. ఆ మూలకం జాడ మొదట దొరికింది మన తీరంలోనే. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి, మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నం నుంచి వర్ణపటమాపకాలతో చూశారు. హీలియం కథ ఆ గ్రహణంతోనే మొదలైంది.

ఎలక్ట్రాన్లను ఎవరూ చూడలేదు కదా. ఇదంతా ఎలా తెలిసింది?

ఎలక్ట్రాన్ ఒక ప్రోటాన్ దగ్గర ఒక్కసారిగా దారి మళ్ళితే ఎక్స్ కిరణం వెలువడుతుంది. దీని పేరు బ్రెమ్‌స్ట్రాలుంగ్. 20 కెఈవీ పైన కనిపించే కఠిన ఎక్స్ కిరణాలు ఇలా పుట్టినవే, అవి వలయం పాదాల దగ్గరే ఎక్కువ ప్రకాశంగా ఉంటాయి.

చిక్కేమిటంటే ఎలక్ట్రాన్ శక్తిలో ఎక్స్ కిరణంగా మారేది దాదాపు లక్షలో ఒక వంతు. మిగిలినదంతా వేడి కింద పోతుంది. దొరికిన ఒక్క వంతును బట్టి దొరకని లక్షను రాబట్టాలి. జాన్ బ్రౌన్ 1971లో దీనికి గణిత మార్గం చూపించారు. ఎలక్ట్రాన్ పూర్తిగా ఆగేదాకా దట్టమైన పదార్థంలో ప్రయాణిస్తుందని తీసుకుని, ఎక్స్ కిరణాల వర్ణపటం నుంచి ఎలక్ట్రాన్ల వర్ణపటాన్ని వెనక్కి లెక్కకట్టే పద్ధతి అది. దీన్ని మందపాటి లక్ష్యం నమూనా అంటారు.

విద్యార్థులు పొరబడే చోటు ఇక్కడే ఉంది. మందపాటి లక్ష్యంలో ఫోటాన్ల ఘాతాంకానికి ఒకటి కలిపితే ఎలక్ట్రాన్ల ఘాతాంకం వస్తుంది. కరోనాలోని పలచటి మూలానికైతే ఒకటి తీసేయాలి. ఒకదానికి బదులు మరొకటి వాడితే తేడా రెండు, శక్తి లెక్క పూర్తిగా తారుమారవుతుంది. కిరణాల రద్దీ ఎక్కువైనప్పుడు రెండు 10 కెఈవీ ఫోటాన్లు కలిసి డిటెక్టరులో ఒక్క 20 కెఈవీ ఫోటాన్‌గా నమోదవడం ఇంకో చిక్కు. కాంతి ఆవరణం నుంచి వెనక్కి చెదిరిన కిరణాలు 30–40 కెఈవీ దగ్గర వర్ణపటాన్ని ఉబ్బించడం మూడోది. ఈ మూడూ సరిచూడకుండా ఘాతాంకం ప్రకటించకూడదు.

జ్వాల శక్తిలో ఎలక్ట్రాన్ల వాటా ఎంత? ఒక్కోచోట ఒక్కో అంకె కనిపిస్తోంది.

సాధారణంగా 10 నుంచి 50 శాతం అంటారు. అంకెలు ఇంత చెదిరిపోవడానికి అసలు కారణం ఒక్కటే: అడుగు శక్తి హద్దు. వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్ల వరస ఏ శక్తి దగ్గర మొదలవుతుందో నేరుగా కనిపించదు. 10–20 కెఈవీ ప్రాంతంలో అప్పటికే వేడెక్కిన ప్లాస్మా ఇచ్చే మృదు, అంటే తక్కువ శక్తి గల, ఎక్స్ కిరణాలు ఆ హద్దును కప్పేస్తాయి.

దాని ప్రభావం చిన్నది కాదు. ఘాతాంకం 5 అనుకుని హద్దును 20 నుంచి 10 కెఈవీకి దించండి, మొత్తం శక్తి 8 రెట్లు అవుతుంది. ఘాతాంకం 4 అయితే 4 రెట్లు, 6 అయితే 16 రెట్లు. ఎక్స్ కిరణాల కొలతలో మార్పేమీ లేకుండానే ఇంత తేడా. మామూలుగా తీసుకునే హద్దు వేడి ప్లాస్మా కప్పేసిన చోటుకు పైనున్నది. కాబట్టి వచ్చిన శక్తి కనీస విలువ మాత్రమే, అసలు విలువ అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు. హద్దు ఎంత పెట్టారో చెప్పకుండా ఎలక్ట్రాన్ల శక్తి ఇంత అని ఇచ్చిన అంకెను మేమైతే లెక్కలోకి తీసుకోం. మీరూ తీసుకోకండి.

సెకనుకు 10³⁶ ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి వస్తాయండీ? కరోనా ఖాళీ అయిపోదా?

మంచి ప్రశ్న. వలయం ఘనపరిమాణం 10²⁷ ఘన సెంటీమీటర్లు, సాంద్రత 10⁹ అయితే అందులో ఉన్న ఎలక్ట్రాన్లు 10³⁶. ఒక్క సెకనులో అన్నీ అయిపోవాలి. సాంద్రత పది రెట్లున్నా పది సెకన్లే. జ్వాల తీవ్ర దశ మాత్రం నిమిషాల తరబడి సాగుతుంది.

ఇంకో కోణంలో చూస్తే అంత ప్రవాహం 1.6 × 10¹⁷ ఆంపియర్లు. అంత కరెంటు ఒకే వైపు ప్రవహించడాన్ని ప్రకృతి ఒప్పుకోదు. ఎలక్ట్రాన్లు దిగగానే ఏర్పడే విద్యుత్ క్షేత్రం కింది ప్లాస్మాలోని మామూలు ఎలక్ట్రాన్లను పైకి లాగుతుంది. ఇది తిరుగు ప్రవాహం. కరెంటు రద్దవుతుంది, పైన ఖాళీ అయిన చోటికి కొత్త ఎలక్ట్రాన్లూ వస్తాయి.

దీనికీ ఖర్చుంది. దిగే ఎలక్ట్రాన్లు ఆ విద్యుత్ క్షేత్రానికి ఎదురీదాలి కాబట్టి శక్తి కోల్పోతాయి, ఆ శక్తి కరోనాలోనే వేడిగా మారుతుంది. ఢీకొనడాల లెక్క మాత్రమే వేసి దీన్ని వదిలేస్తే, ప్రవాహం తీవ్రంగా ఉన్న జ్వాలల్లో కింద పడే వేడిని ఎక్కువగా, పైన పడే వేడిని తక్కువగా అంచనా కడతాం.

ఎలక్ట్రాన్లు కాంతి ఆవరణం దాకా వెళ్ళగలవా? తెల్లకాంతి జ్వాల ఎలా వస్తుంది మరి?

ఎక్కువగా వెళ్ళలేవు. అక్కడిదాకా స్తంభ సాంద్రత 10²³ స్థాయిలో ఉంటుంది. పై సూత్రం ప్రకారం దాదాపు 700 కెఈవీ కావాలి. ఘాతాంకం 5 అయితే 20 కెఈవీ పైనున్న మొత్తం శక్తిలో 700 పైన ఉండేది 43 వేలలో ఒక వంతు. అంత కొద్దిపాటి శక్తితో కాంతి ఆవరణం వెలగదు.

అయినా మామూలు కాంతిలోనే కనిపించే ఈ తెల్లకాంతి జ్వాలలు నిజం. నమోదైన మొట్టమొదటి జ్వాలే తెల్లకాంతిలో కనిపించింది. 1859 సెప్టెంబరు 1న కారింగ్టన్, హాడ్జ్‌సన్ ఇంగ్లండ్‌లో విడివిడిగా దాన్ని చూసేటప్పటికి గోదావరి తీరంలో సాయంత్రం నాలుగున్నర దాటింది, సూర్యుడు ఇంకా పైనే ఉన్నాడు. ఒక వివరణ ప్రకారం ఎలక్ట్రాన్లు వర్ణావరణాన్ని వేడెక్కిస్తాయి, ఆ పొర నుంచి వచ్చే వికిరణం కింది పొరను వేడెక్కిస్తుంది. హైడ్రోజన్ అయనీకరణమై మళ్ళీ కలిసేటప్పుడు వర్ణావరణం నుంచే తెల్లకాంతి వస్తుందనేది మరొకటి. ఫ్లెచర్, హడ్సన్ 2008లో వేరే దారి చూపించారు: శక్తిని అయస్కాంత రేఖల వెంట సాగే ఆల్ఫ్‌వెన్ తరంగాలు కిందికి మోసుకొచ్చి, ఎలక్ట్రాన్లకు అక్కడే వేగం పుట్టిస్తాయని. ఇది తేలని విషయమే. మా అంచనాలో ఏ ఒక్క వివరణా అన్ని జ్వాలలకూ సరిపోదు.

ఇంట్లో కంప్యూటరుతో దీన్ని పరీక్షించే మార్గం ఉందా?

ఉంది, డిగ్రీ ప్రాజెక్టుకు దీనికన్నా చక్కటిది దొరకడం కష్టం. 1968లో వెర్నర్ న్యూపర్ట్ గమనించిన సంగతి ఇది: మృదు ఎక్స్ కిరణాల తీవ్రత పెరిగే రేటు, కఠిన ఎక్స్ కిరణాల లేదా మైక్రోవేవ్ తీవ్రతను పోలి ఉంటుంది. ఎలక్ట్రాన్లు పోసే శక్తి వేడి ప్లాస్మాగా పోగవుతూ ఉంటే అలాగే ఉండాలి మరి.

అమెరికా గోస్ ఉపగ్రహాల 1–8 ఆంగ్‌స్ట్రాముల డేటా ఉచితంగా దొరుకుతుంది. ఎం తరగతి లేదా ఎక్స్ తరగతి జ్వాలను ఎంచుకోండి. వరుసగా చదరపు మీటరుకు 10⁻⁵, 10⁻⁴ వాట్ల దగ్గర మొదలయ్యే తరగతులవి. సమయాలు అంతర్జాతీయ కాలమానంలో ఉంటాయి, 5 గంటల 30 నిమిషాలు కలపండి. తీవ్రతను నునుపు చేసి, వరుస విలువల తేడాను కాలంతో భాగించండి. ఆ వక్రరేఖను అదే జ్వాల 25–50 కెఈవీ వక్రరేఖ పక్కన పెట్టండి. 2002 నుంచి 2018 వరకు జ్వాలలకు అమెరికా ఉపగ్రహం రెస్సీ డేటా ఉంది, ఆ తర్వాతి వాటికి సోలార్ ఆర్బిటర్ అంతరిక్ష నౌక మీదున్న ఎక్స్ కిరణాల పరికరం స్టిక్స్, మన ఆదిత్య-ఎల్1 ఉన్నాయి.

చెడిపోయేది ఎక్కడో చెబుతాం. గోస్ గ్రాఫులు లాగరిథమ్ స్కేలులో కనిపిస్తాయి, చాలామంది ఆ లాగరిథమ్‌కే అవకలనం చేస్తారు. అప్పుడు శిఖరం చాలా ముందుకు జరిగిపోతుంది. అసలు తీవ్రతకే చేయాలి. గోస్-16కు ముందరి ఉపగ్రహాల పాత డేటాలో 1–8 ఆంగ్‌స్ట్రాముల విలువలు 0.7తో గుణించి ఉన్నవి దొరుకుతాయి, కొత్త వాటితో పోల్చేటప్పుడు ఇది చూసుకోండి. సోలార్ ఆర్బిటర్ సూర్యుడికి దగ్గరగా ఉంటే కాంతి దానికి ముందే చేరుతుంది. భూమి దూరంలో సగంలో ఉంటే తేడా నాలుగు నిమిషాలకు పైనే, దాన్ని సరిచేయకపోతే పోలికే కుదరదు. జ్వాల సూర్యుడి అంచు వెనక ఉంటే పాదాలు కనపడవు, కఠిన కిరణాలు బలహీనంగా కనిపిస్తాయి.

రెండు వక్రరేఖలూ కలవకపోతే మీ పని తప్పయిందని అనుకోకండి. ప్రతి జ్వాలా న్యూపర్ట్ చెప్పినట్లు నడవదు. శిఖరం దాటాక కూడా మృదు కిరణాలు పెరుగుతుంటే ఎలక్ట్రాన్లు కాకుండా వేరే వేడి మూలం పనిచేస్తోందన్న సూచన అది.

ఆదిత్య-ఎల్1 ఇందులో ఏం చూస్తుంది?

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరి 2024 జనవరి 6న సూర్యుడికీ భూమికీ మధ్య ఆకర్షణలు తూగే ఎల్1 బిందువు చుట్టూ కక్ష్యలో చేరింది. అందులో ఈ విషయానికి పనికొచ్చేవి మూడు. హీలియోస్ పరికరం 150 కెఈవీ దాకా కఠిన కిరణాలను కొలుస్తుంది, అంటే ఎలక్ట్రాన్లు పడుతున్న వేళను పట్టుకుంటుంది. సోలెక్స్ 2 నుంచి 22 కెఈవీ మృదు కిరణాలను, అంటే పోగైన వేడిని చూస్తుంది. సూట్ 200–400 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో పాదాలను ఫోటో తీస్తుంది. 2024 ఫిబ్రవరి 22 నాటి ఎక్స్ 6.3 జ్వాలను సూట్ నమోదు చేసింది. మొదటి రెండింటి డేటాతోనే పైన చెప్పిన న్యూపర్ట్ పరీక్ష చేయొచ్చు. ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే డేటా దొరుకుతుంది.

జ్వాల వచ్చిందని అమలాపురంలో కూర్చుని మన పరికరంతోనే పట్టుకోవచ్చా?

పట్టుకోవచ్చు, రేడియోతో. జ్వాల ఎక్స్ కిరణాలు భూమి మీద 60–90 కిలోమీటర్ల ఎత్తున పగటి వాతావరణాన్ని అదనంగా అయనీకరిస్తాయి. అతి తక్కువ పౌనఃపున్యపు రేడియో తరంగాలు ఆ పొర నుంచే పరావర్తనం చెందుతాయి కాబట్టి, సంకేతం బలం ఒక్కసారిగా మారి అరగంట నుంచి గంటలో మామూలవుతుంది.

తమిళనాడు తిరునల్వేలి వైపు విజయనారాయణంలోని నౌకాదళ ప్రసారం 18.2 కిలోహెర్ట్‌జ్‌లో ఉంటుంది, ఇక్కడికి సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఆస్ట్రేలియా నార్త్ వెస్ట్ కేప్ ప్రసారం 19.8లో ఉంటుంది. మీటరు చదరం చెక్క చట్రానికి ఎనామెల్ రాగి తీగ 50 చుట్లు చుట్టి, చిన్న ప్రీయాంప్లిఫయర్ ద్వారా కంప్యూటరు సౌండ్ కార్డుకు ఇవ్వండి. సెకనుకు 48,000 నమూనాలు తీసే కార్డు 24 కిలోహెర్ట్‌జ్ వరకు పట్టుకుంటుంది కాబట్టి రెండింటికీ సరిపోతుంది. చట్రాన్ని నిలువుగా పెట్టి, దాని అంచు స్టేషన్ వైపు చూసేలా తిప్పండి. చట్రం ముఖం అటు తిప్పితే సంకేతం దాదాపు పోతుంది.

డెల్టాలో పెద్ద శత్రువు విద్యుత్ గోల. రొయ్యల చెరువుల ఏరియేటర్ మోటార్ల స్టార్టర్లు, వేరియబుల్ డ్రైవులు, ఇంట్లో ఇన్వర్టరు, చౌక ఎల్‌ఈడీ దీపాలు ఈ పట్టీలోనే గోల చేస్తాయి. చట్రాన్ని చెరువు గట్టుకు, ఇంటి వైరింగుకు వీలైనంత దూరంగా పెట్టండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో పిడుగుల గోల కూడా ఉంటుంది. సూర్యోదయ, సూర్యాస్తమయాల్లో సంకేతం దానంతటదే మారుతుంది, ప్రసారం ఆపేస్తే ఒక్కసారిగా పడిపోతుంది. కొన్ని వారాల మామూలు రోజుల రికార్డు దగ్గరుంటేనే వీటిని జ్వాలలని పొరబడకుండా ఉంటారు. ఇంకో సంగతి: ఈ పద్ధతి మృదు ఎక్స్ కిరణాలకు స్పందిస్తుంది. పోగైన వేడిని చూపిస్తుంది గాని, ఎలక్ట్రాన్లు పడే క్షణాన్ని చూపించదు.

టెలిస్కోపుతో చూస్తే కనబడుతుందా?

హైడ్రోజన్ ఆల్ఫా టెలిస్కోపులో కనబడుతుంది. రెండు ప్రకాశవంతమైన పట్టీలు ఏర్పడి ఒకదానికొకటి దూరంగా జరుగుతాయి. ఎలక్ట్రాన్లు పడుతున్న చోట్లు వాటి మీద చుక్కల్లా మెరుస్తాయి. ఆ చుక్కలు సెకన్లలో మారతాయి, కాబట్టి నిమిషానికో ఫోటో తీస్తే అసలు సంగతి జారిపోతుంది. సెకనుకు ఒకటైనా తీయండి, మధ్య భాగం తెల్లబడి వివరం పోకుండా ఎక్స్‌పోజరు తగ్గించండి. మామూలు సౌర ఫిల్టరుతో తెల్లకాంతిలో మచ్చలు కనిపిస్తాయి గాని జ్వాల కనిపించడం బహు అరుదు.

తెల్లవారిన తర్వాత రెండు మూడు గంటలు గాలి నిలకడగా ఉంటుంది. నేల కాగితే బొమ్మ వణుకుతుంది. నీళ్ళ మీదుగా చూస్తే ఆ వణుకు తక్కువ. ఉదయపూర్ సౌర వేధశాలను ఫతేసాగర్ చెరువు మధ్య ద్వీపంలో కట్టింది అందుకే. తూర్పున చెరువో నిండు పొలమో ఉన్న గట్టు మన దగ్గర ఎక్కడైనా దొరుకుతుంది.

ఫిల్టరు టెలిస్కోపు ముందు భాగానికే బిగించాలి. కళ్ళ దగ్గర పెట్టే చిన్న ఫిల్టర్లు వేడికి పగులుతాయి, చూపు శాశ్వతంగా పోతుంది. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పూసిన గాజు పలకలు, వెల్డింగు అద్దాలు టెలిస్కోపుకు దేనికీ పనికిరావు.

రోహిణీ కార్తె ఎండలకు, తుఫాన్లకు జ్వాలలే కారణమా?

కాదు. 2003 అక్టోబరు 28 నాటి మహా జ్వాల కూడా భూమికి చేరే మొత్తం సూర్యశక్తిని దాదాపు 0.03 శాతమే, అదీ కొద్ది నిమిషాలే పెంచింది. పలచటి మబ్బు తునక అడ్డొస్తే పడే తేడా దీనికి ఎన్నో రెట్లు.

సముద్రంలో ఉన్న బోట్ల వైర్‌లెస్ ఆగిపోతుందా? ఫోన్లు?

3–30 మెగాహెర్ట్‌జ్ షార్ట్‌వేవ్ పగటిపూట నిమిషాల నుంచి గంట, రెండు గంటల దాకా మూగబోవచ్చు. హామ్ రేడియోవాళ్ళకు ఇది బాగా తెలుసు. బోట్ల వీహెచ్‌ఎఫ్ సెట్లు నేరుగా కనిపించే దూరంలో పనిచేస్తాయి, వాటికి ఈ బాధ లేదు. సెల్‌ఫోన్లకూ లేదు.

వానాకాలంలో ఏం చేయాలి?

జూన్ నుంచి అక్టోబరు దాకా టెలిస్కోపు పని సగానికి సగం పోతుంది, నవంబరులో తుఫాన్ల భయం. జనవరి నుంచి మార్చి దాకా ఆకాశం బాగుంటుంది, పరిశీలనలు అప్పటికి పెట్టుకోండి. రేడియో చట్రానికి మబ్బులు అడ్డం కావు, దాన్ని ఏడాది పొడవునా నడపండి. వానాకాలం నెలలను పాత జ్వాలల డేటాకు కేటాయించండి. 2024 మేలో 13664 అనే మచ్చల గుంపు వరసగా ఎక్స్ తరగతి జ్వాలలు ఇచ్చింది, మే 14న వచ్చింది ఎక్స్ 8.7. ఒకే గుంపు నుంచి వచ్చిన ఆ జ్వాలలన్నిటికీ న్యూపర్ట్ పరీక్ష చేసి, ఏవి కుదిరాయో ఏవి కుదరలేదో పక్కపక్కన పెట్టి చూడండి. కుదరని వాటిలో శిఖరం ఎన్ని నిమిషాలు వెనకబడిందో ముందుగా రాసుకోండి.